నాయన లాకానిక్ ఉత్తరాలు

పోయినవాటిని లెక్క వేస్తే ఒక తమ్ముడు, ఒక అమ్మమ్మ, అమ్మ నోట వచ్చి కాగితం మీదికి ఎక్కని వేల మాటలు. సూళ్ళూరుపేటలో ఇల్లు పడగొడుతూ, అమ్మమ్మ ఉత్తరాలు గుచ్చి దాచుకున్న తీగను మేనమామ మొన్న నాకు పంపించాడు. తుప్పూ పొగాకూ కలిసిన వాసన. కార్డులు ముప్పై ఒకటి, అన్నీ నాయన చేతిరాతే.

అప్పట్లో మేము రాయపురంలో, ఎండుచేపల వాసనా హార్బరు బొగ్గుపొడీ కలిసి ఆరేసిన చీరల మీద వాలే సందులో, ఒక గదీ వసారాలో ఉండేవాళ్ళం. అమ్మకు చదువు రాదు. ఆదివారం మధ్యాహ్నాలు, వేసవైతే తాటిముంజలు, కార్తీకమైతే బొరుగుల ఉండలు నా చేతిలో పెట్టి, నాయన ముందు కూర్చుని పుట్టింటికి కబుర్లు చెప్పేది. ఒక్కో సంగతికి నేనొక చింతపిక్క పక్కన పెట్టేదాన్ని. ఎవరూ నేర్పని నా లెక్కలు అలా మొదలయ్యాయి.

నాయన హార్బరులో గుమాస్తా. ఆయనకు ప్రాణమైన ఇంగ్లీషు మాట లాకానిక్. పూర్వం గ్రీకుల సీమలో లాకోనియా అనే చోట మనుషులు మహా పొదుపుగా మాట్లాడేవాళ్ళట. 'మీ నేల మీద అడుగు పెడితే బూడిద చేస్తాను' అని శత్రురాజు కబురంపితే, 'పెడితే' అని ఒక్క మాట తిప్పి పంపారట. క్లుప్తంగా, సూటిగా చెప్పడానికి ఆ సీమ పేరే నిలిచిందట.

ఆ ఏడు అమ్మకు నెలలు నిండాయి. తనకు వంట ఇబ్బందని నాయన పుట్టింటికి పంపలేదు.

"కాన్పుకు మా అమ్మను రమ్మని రాయండి. ఈడ నాకు దిక్కెవరు? ఆడ బర్రెను పక్కింటోళ్ళకు అప్పజెప్పి వస్తుంది."

పదకొండు పిక్కలయ్యాయి. నాయన అప్పటికే కలం మూసేశాడు.

"ఇంతసేపు చెబితే కోడి గీరినంతేనా?" అంది అమ్మ.

"లాకానిక్. నీకు తెలీదులే."

"ఆ లాకోనియాలో ఆడోళ్ళు లేరా ఏంది?"

నాయన నవ్వాడు. నేనూ నవ్వాను.

అమ్మమ్మ రాలేదు. మంత్రసాని ఒక్కతే ఉండగా ఇంట్లోనే కాన్పయింది. తమ్ముడు మూడోరోజు పోయాడు. "కన్నదానికే పట్టలేదు" అని అమ్మ మళ్ళీ ఉత్తరం రాయించలేదు. మరుసటేడు అమ్మమ్మ పోతే కడచూపుకూ వెళ్ళలేదు.

తీగకున్న చివరి కార్డు ఇది: "ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీ క్షేమం తెలుపగలరు." ఏడు మాటలు, కింద అంతా ఖాళీ. మొత్తం ముప్పై ఒకటిలోనూ అమ్మ కడుపుతో ఉన్న సంగతే లేదు. నిండా రాసినా కార్డు వెల ఒకటే, కనుక నాయన మిగిల్చింది సున్నా.

ఇప్పుడు ఆ వసారా లేదు, నాయన లేడు. ఎవరింట కాన్పు మాట విన్నా అమ్మ తన తల్లిని ఈనాటికీ తిడుతుంది. ఆ కార్డు ఆమెకు చదివి వినిపించే ధైర్యం నాకు లేదు. అమ్మమ్మకు చేరవలసిన 'అమ్మా, రా' అనే రెండు మాటలూ ఇంకా బాకీ.