తెల్లగుడ్డ మీద తెల్లదారం

సత్తెనపల్లిలో పరుపులు కుట్టే జైనాబీకి డెబ్బై అయిదేళ్ళు. పక్కవీధిలో ఉండే తోటికోడలు షమీమ్‌కి యాభై దాటాయి. భర్తలు పోయాక షమీమ్ పొద్దున్నే వచ్చేసేది. ఇద్దరూ జైనాబీ వసారాలో ఎదురెదురుగా కూర్చుని దూది కూరుతూ, అంచులు కుడుతూ, చీకటిపడేదాకా కబుర్లాడుకునేవాళ్ళు.

ఇద్దరికీ ఇంచుమించు ఒకేసారి శుక్లాలు ముదిరాయి. గుంటూరులో ఒకే ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నారు. దగ్గరా దూరమూ రెండూ కనపడే మల్టీఫోకల్ లెన్సులే ఇద్దరికీ వేశారు.

షమీమ్ కళ్ళజోడు అవతల పారేసింది. బస్సులోంచి కొట్ల బోర్డులన్నీ పైకి చదివింది. జైనాబీకి అలా కాలేదు. ఎండలో పరవాలేదు గానీ, పొద్దువాలితే ప్రతి దీపం చుట్టూ వెలుగు చక్రాలు. తెల్లగుడ్డ మీద తెల్లదారం కంటికి ఆనేది కాదు. కుట్టినచోటే మళ్ళీ కుట్టేది. ఆ కుట్లను షమీమ్ చప్పుడు చేయకుండా విప్పి సరిచేయడం ఒక ఉదయం జైనాబీ కంటపడింది. నడుంనొప్పి అని చెప్పి సూది పక్కన పెట్టేసింది. ఒకే లెన్సు, ఒకే డాక్టరు. లోపం తనలోనే ఉందనడానికి సిగ్గేసింది.

పరుపుల పని ఆగిపోవడంతో షమీమ్ బజారులో ఒక టైలరు దగ్గర మిషన్ పనికి కుదిరింది. వసారాలో జైనాబీ ఒక్కతే మిగిలింది.

ఒక సాయంత్రం రోడ్డవతల నుంచి షమీమ్ చెయ్యి ఊపింది. ఎదురుగా వస్తున్న లారీ లైట్లు తప్ప జైనాబీకి ఏమీ కనపడలేదు. మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళింది. షమీమ్ అలిగింది. ఆ సంగతి ఎవరో చెబితే జైనాబీకి తెలిసింది. రాకపోకలు ఆగిపోయాయి.

జైనాబీ ఒంటరిగా గుంటూరు బస్సెక్కింది.

"లెన్స్ బాగానే ఉందమ్మా," అంది డాక్టరమ్మ. "వయసు మీదపడ్డాక కంటి వెనక పొర నీరసిస్తుంది. ఈ లెన్స్ వెలుగును పంచుతుంది కాబట్టి మసక వెలుతుర్లో ఇబ్బంది. మెదడు అలవాటుపడటానికీ మీ వయసులో ఎక్కువ కాలం పడుతుంది. ఆపరేషన్‌కి ముందే చెప్పాను. షమీమ్‌కేది వేస్తే నాకూ అదే అన్నారు మీరు."

"అన్నానమ్మా," అంది జైనాబీ. "ఎప్పుడూ ఇద్దరం ఒకటేగా అనుకున్నా."

తిరిగొచ్చి షమీమ్ ఇంటికే వెళ్ళింది.

"నిన్ను చూళ్ళేదే ఆరోజు. లైట్లే కనపడ్డయి."

"నాకు చెప్పొచ్చుగా అక్కా!" షమీమ్ ఏడ్చేసింది. చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టింది. పెద్ద బల్బు తెచ్చి వసారాలో పెట్టించింది. మిషన్ పని మాత్రం మానలేదు. మానమని జైనాబీ అడగలేదు.

నెలలు గడిచేసరికి చక్రాలు కొంచెం పలచబడ్డాయి. జైనాబీ ఇప్పుడు పగటిపూట రంగుగుడ్డల బొంతలు కుడుతోంది. ఆదివారం షమీమ్ వచ్చి వారానికి సరిపడా సూదుల్లోకి దారాలెక్కించి పోతుంది. మిగతా రోజుల్లో పొద్దుగూకకముందే జైనాబీ పని ఆపేస్తుంది. గడపలో కూర్చుని, వీధిలో పోయేవాళ్ళను చెప్పుల చప్పుడునుబట్టి పోల్చుకుంటూ ఉంటుంది.