మొలవని పాలికలు

గచ్చిబౌలి కుమ్మరి సత్తెమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె నవ్వు సంగతి చెప్పాలె. ఆమె నవ్విందంటే ఆవంల కాలే కుండలు పగులుతయని మొగడు లింగమూర్తి మొత్తుకుంటుండె. అసొంటి మనిషి పందొమ్మిది వందల డెబ్బయిమూడు ఎండకాలంల నెల దినాలు నవ్వలే.

నవ్వెట్ల వస్తది? ఆమె మూడు చింతచెట్లల్ల రెండు నిలువునా ఎండినయి. మూడోదానికి తూర్పు కొమ్మల ఆకు రాలబట్టింది. ఆ నీడలనే ఆమె కుండలు ఆరేది, ఆ చింతపండుతోనే ఇల్లు గడిచేది. గట్టవతల ద్రాక్షతోట చలపతిరావుది. గుంటూరు దిక్కునుంచి వచ్చి, పట్నంల నౌకరీ చేసుకుంట తోట పెట్టిండు. గట్టు మీద గడ్డి పీకించ బద్ధకమై, గడ్డిమందు పోయించిండని సత్తెమ్మ కోర్టుకెక్కింది. మూడో చెట్టన్న బతకాలె, అంతే ఆమె పంతం.

"కరువుకు చచ్చాయండీ చెట్లు. నేనేం పోయించలేదు," అన్నడు రావు. పోస్తుంటె చూసినోళ్లెవరని జడ్జి అడిగిండు. ఎవ్వరూ లేరు. కేసు వాయిదా పడ్డది.

ఈలోపల రావు బిడ్డ పుణ్యవతి పెండ్లొచ్చింది. ఊళ్లె కుమ్మరిల్లు ఒక్కటే, కేసున్నా గీసున్నా పెండ్లికి పాలికలు ఆ ఇంటినుంచే పోవాలె. అయిదు మట్టి మూకుళ్లల్ల పుట్టమన్ను పోసి నవధాన్యాలు చల్లుతరు. అవెంత పచ్చగ మొలిస్తె పిల్ల కాపురం అంత పచ్చగుంటదని వాళ్ల నమ్మకం.

"అమ్మా, ఆ గట్టు మీది పుట్టమన్ను వద్దు. చెరువు కాడిది తెస్త," అన్నది సత్తెమ్మ, రావు భార్య రాజరాజేశ్వరితోటి.

ఆ మాట రావు చెవిన పడ్డది. పక్కనే కాబోయే వియ్యంకుడు నరసింహమూర్తి, తహసీల్దారు పని చేసి దిగిన పెద్దమనిషి, కాఫీ తాగుతున్నడు. ఆయన ముందట తగ్గుతడా!

"మా గట్టు మన్నుకేం తక్కువ? బంగారం! అదే తెచ్చి పొయ్యి!"

సరే, నాకేంది అనుకొని అదే పోసింది. ఇంటికి పోయినంక మనసొప్పక, చెరువు మన్నుతోటి ఇంకో అయిదు మూకుళ్లు నింపి గింజలు చల్లింది.

అయిదోనాడు పెండ్లిపందిట్ల పాలికల మీది బట్ట తీసిండ్రు. ఓరి దేవుడా, ఒక్క మొలక లేదు! ఆడోళ్లు నోళ్లు నొక్కుకున్నరు. నరసింహమూర్తి మొహం మాడిపోయింది.

"అశుభం బావగారూ. ముహూర్తం ఆపండి. పిల్ల జాతకం మళ్లీ చూపిద్దాం."

పుణ్యవతి ఏడుపందుకుంది. రావుకు పైప్రాణం పైనే పోయింది. పందిరి నడుమకురికి ఒక్కటే కేక!

"అశుభం కాదండీ బాబూ! పిల్ల జాతకానికేం, దివ్యంగా ఉంది! నేనే దగ్గరుండి ఆ గట్టుకు గడ్డిమందు పోయించాను! నాలుగు డబ్బాలు! ఆ మన్నులో బ్రహ్మదేవుడొచ్చి చల్లినా మొలవదు!"

సన్నాయి ఆగిపోయింది.

"ఏందయ్యో! జర మల్లొకపారి చెప్పు, ఎనకున్నోళ్లకు ఇనబడలే," అన్నది స్తంభం పక్కనున్న సత్తెమ్మ.

రావు నోరు మూసుకున్నడు. ఇగ మూస్తె ఏం లాభం? సత్తెమ్మకు నెల దినాల నవ్వు ఒక్కసారే తన్నుకొచ్చింది. పందిరంత నవ్వుడే నవ్వుడు, ఏడుస్తున్న పెండ్లిపిల్లతో సహా! అప్పుడు సత్తెమ్మ తనెంట తెచ్చిన గంప మీది బట్ట తీసి, వేలెడెత్తు మొలకలున్న తన మూకుళ్లను పిల్ల ముందట పెట్టింది.

"నా కొట్లాట మీ నాయినతోటి బిడ్డా. నువ్వు సల్లగుండు."

మలి వాయిదాకు సాక్షి ఎవరనుకున్నరు? వియ్యంకుడే! పందిట్ల రావు చెప్పిన మాట అబద్ధమంటె తన కోడలి జాతకం చెడ్డదైతది మరి. "అవునండీ, నాలుగు డబ్బాలన్నారు," అని బోనులో ప్రమాణం చేసి చెప్పిండు. మందు బంద్ చెయ్యాలె, ఇసం మన్ను తీసి మంచి మన్ను పోయాలె, మూడో చెట్టుకు వానలదాక రావే నీళ్లు పెట్టాలె అని తీర్పొచ్చింది.

తూర్పు కొమ్మకు ఎర్రగ చిగురేసిననాడు సత్తెమ్మ చెట్టును కావలించుకొని ఏడ్చింది. రావు బిందె దించి, ఆ రెండు మోళ్లు కొట్టించి కట్టెలు ఆమె ఇంటికి పంపుతానన్నడు.

"ఉండనియ్యి సారూ. తోటకొచ్చినప్పుడల్లా నీకు కనబడాలె."

రావు బిందె ఎత్తుకొని నింపుకరానీకె పోయిండు.