తపస్సుకాలంలో వేసిన ఉత్తరం

అక్క చేరింది మూసిన మఠంలో. బడులు నడిపే సిస్టర్లలా ఆ మఠకన్యలు బయటికి రారు. తొలినాళ్ల క్రైస్తవ మునులు ఊళ్లు వదిలి ఎడారి గుహల్లో ఎందుకు బతికారో పోయేముందు అమ్మకు ఓపిగ్గా చెప్పింది. అమ్మకు అర్థమైంది ఒక్కటే, కూతురిని ఇక కటకటాల అవతలే చూడాలని.

ఏడాది తిరక్కముందే ఎన్నికల గొడవల్లో నాన్న కూడా ఇల్లు వదిలాడు. అవతలి పార్టీవాళ్లు వెతుకుతున్నారని గుట్టల్లో తలదాచుకున్నాడు. ఒకరు దేవుడి కోసం, ఒకరు పార్టీ కోసం పోతే జమ్మలమడుగు ఇంట్లో మిగిలింది అమ్మా నేనూ. తలచుకుంటే ఇప్పటికీ ఇద్దరి మీదా ఒళ్లు మండుతుంది.

అప్పుడే అమ్మ మంచం పట్టింది. డాక్టరు పెదవి విరిచాడు.

"మీ అక్కను రెండు ముక్కలు రాయమను నాయనా. సదివి వినిపిద్దువు" అంది.

టెలిగ్రాం ఇద్దామనుకున్నాను. ఆ సంగతి నాన్నకు తెలిసి ఒక మనిషితో కబురు పంపాడు: "టెలిగ్రాం ఇయ్యొద్దు. ఈడా, ప్రొద్దుటూరులో గూడా తంతి ఆఫీసుల్లో వాళ్ల మనుషులుండారు. మీయమ్మకు బాగలేదని తెలిస్తే, నేను చూసేకి వస్తానని దావలో కాపు కాస్తారు."

ప్రొద్దుటూరు దాకా పోయి ఉత్తరం వేసి వచ్చాను. అది తపస్సుకాలం, ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాసాల రోజులు. ఆ నలభై రోజులూ మఠంలో ఎవరి ఉత్తరాలూ చేతికివ్వరని, మఠం పెద్దయిన మదర్ బీరువాలో ఉంచి ఈస్టర్ నాడే పంచుతారని నాకు తెలియదు.

అమ్మ రోజూ పోస్టు వేళకు వాకిలి వైపు ఒత్తిగిలేది. "వచ్చిందేంది నాయనా?" అని అడిగేది. రేపొస్తుందిలేమ్మా అనేవాణ్ణి. మూడు వారాలు అలాగే చూసి పోయింది. అమ్మను మట్టి చేసేటప్పుడు కూడా నాన్న రాలేదు. ఇక దాచేదేముందని ఆ సాయంత్రమే అక్కకు టెలిగ్రాం ఇచ్చాను.

ఈస్టర్ దాటాక రెండు పార్టీలకూ రాజీ కుదిరింది. నాన్నా నేనూ మఠానికి పోయాం. కటకటాల వెనక అక్క నా ఉత్తరం పట్టుకుని కూర్చుంది. అమ్మ పోయిందని ఆమెకు టెలిగ్రాంతో ముందు తెలిసింది. తన మాట కోసం అమ్మ చూస్తోందని పండుగనాడు ఉత్తరం చదివాక తెలిసింది. సందులోంచి చెయ్యి చాపి నా వేళ్లు పట్టుకుంది.

"టెలిగ్రాం అయితే ఆ పొద్దే చేతికిస్తారు. పోయినాక ఇచ్చినావు గదా, ముందే ఎందుకియ్యలేదురా?"

నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన చెప్తాడేమోనని కాసేపు చూశాను.

"నాకు తోచలేదక్కా" అన్నాను.

అక్క నమ్మింది. నా వేళ్లు వదిలేసింది. నాన్న అప్పుడు కూడా నోరు విప్పలేదు.