అలలకు అప్పజెప్పిన మాటలు

సావేలి పుస్తకం మీద తల పెట్టి పడుకుంటే, అందులోని పదాలు చెవిలోంచి లోపలికి పాకేవి. సరే, అన్నీ కాదు, చిన్న చిన్నవి మాత్రమే.

సమోవాలోని ఆ తీరపు ఊరి తరఫున సభల్లో మాట్లాడే పెద్ద అతను. పొరుగూరి వక్త ఎదుట రెండుసార్లు మాటలు అయిపోయి నిలబడిపోయాడు. మూడోసారీ అంతే అయితే, మాట్లాడేవాడి చేతికర్ర బాబాయి కొడుక్కి పోతుంది. అందుకే కాన్వెంటు బీరువాలోంచి చెదలు తిన్న పుస్తకాలు తెచ్చి, మధ్యాహ్నాలు పడవ నీడలో చదివేవాడు. దొరికిన ప్రతి కొత్త పదాన్నీ అలలకు అప్పజెప్పేవాడు.

"ఏమయ్యో, చేపలకి బడి పెట్టావా?" అనేది భార్య ఫిలీపా.

"అవి నీలా ఎదురు చెప్పవు లేవే!"

మూడో సభనాడు, అందరికీ పంచే కావా పానీయపు గిన్నె ముందు కర్ర ఆనించి నిలబడ్డాడు. గాలివాన వెలిశాక సముద్రం అలసి పడుకునే మొదటి గంటకు పాతకాలంలో ఒక పేరుండేది. నెమ్మదిగా ఆ పేరు పలికాడు. ఒడ్డుకొస్తున్న కెరటం సగంలో ఆగి విన్నది. కుర్రవాళ్ళు తెల్లమొహం వేశారు. పొరుగూరి వక్త తల్లి, తొంభై ఏళ్ళ ముసలమ్మ, "మా అమ్మ అనేది ఆ మాట!" అంటూ కళ్ళు తుడుచుకుంది. అది చూసి ఆమె కొడుకు బదులు చెప్పకుండా కూర్చున్నాడు. కర్ర సావేలి దగ్గరే ఉండిపోయింది.

నిన్న నేను ఈ సంగతి అడిగితే సావేలి ఆ కర్రే ఆడించాడు.

"పుస్తకాలా? దిండు లేక తెచ్చుకున్నాను. ముసలమ్మ కంట్లో పొయ్యి పొగ పడింది. ఈ కథంతా పచ్చి అబద్ధం, పో!"