మా అత్తగారి పులుసు

నాకు అక్షరాలు రాక ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. చిన్నప్పుడు కొల్లేట్లో నాన్న వెంట పడవ మీద తిరగడం, పెళ్లయ్యాక రొయ్యల షెడ్డులో తలకాయలు తీయడం, వీటి మధ్య బడి ఎటువైపు ఉందో చూడలేదు. యాభై దాటాక మా కోడలు నేర్పింది. ఆమె పుట్టిల్లు ఉండి అనే ఊరు. ఏలూరులో డిగ్రీ చదివింది. చదువు కంటే వంట ఇంకా బాగా వచ్చు. గొడవ ఆ వంట దగ్గరే వచ్చింది.

మా చర్చిలో కోతల పండుగకి ప్రేమవిందు పెడతారు. ఆడవాళ్లమే గాడిపొయ్యి మీద వండుతాం. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసేదాకా ఎవరూ నాలుక మీద వేసుకోకూడదని కట్టుబాటు. ఉప్పు సంగతి ఆవిరి వాసన చూసి చెప్పాలి. అందుకే చేపల పులుసు ఒక ఏడు ఉప్పు కషాయం, ఒక ఏడు చప్పిడి. తిన్నవాళ్లు రెంటికీ స్తోత్రం చెబుతారు.

నా పెళ్లికి ముందెప్పుడో మా అత్తగారు గరిటె అరచేతిలో వంచుకుని రుచి చూసిందట. ఎవరో చూశారు. అప్పటి నుంచి మా ఇంటి ఆడవాళ్లకి పొయ్యి దగ్గర చోటు లేదు. వెల్లుల్లి వలవడం, అంట్లు తోమడం, అంతే. ఆవిడ పోయింది గాని శిక్ష పోలేదు. నన్ను ఆవిడ కన్నది కూడా కాదు. కోడలిగా వచ్చినందుకు నాకు దక్కిన ఆస్తి అదొక్కటే. పొగ తప్పిందిలే అని నేను పట్టించుకోలేదు.

కోడలు ఊరుకోలేదు. ఈసారి శీలావతి చేపల పులుసు తాను పెడతానని స్త్రీల సమాజం ప్రెసిడెంటు గారిని అడిగింది. ఆవిడ నవ్వుతూనే వెల్లుల్లి బుట్ట చేతికిచ్చిందట.

“మీ అత్తగారి ఫొటో తప్ప మొహం చూడలేదండి అత్తయ్యగారు,” అంది ఇంటికొచ్చి. “రేపు పండుగలో కూడా ఇలాగే అయితే ఇక నేను చర్చికే రానండి.”

అన్న మాట మీద నిలబడే మనిషి. నాకు భయం వేసింది. ఆదివారం నా పక్కన కూర్చుని, పాటలో ఏ వరుస దగ్గర ఉన్నామో వేలు పెట్టి చూపించేది ఆ పిల్లే.

ఆ సాయంత్రమే చర్చిలో ప్రార్థన కూడిక. తాడేపల్లిగూడెం నుంచి వచ్చే అయ్యగారు జన్మపాపం మీద వాక్యం చెప్పారు. హవ్వ పండు తిన్నందుకు మనమంతా పుట్టుకతోనే దోషులమట. ఉయ్యాల్లో పిల్ల కూడానట. నాకు హవ్వ మీద జాలేసింది. తోటంతటికీ ఒక్కతే ఆడది, రుచి చూడకుండా మొగుడికి ఎలా పెడుతుంది?

సందేహాలుంటే అడగమన్నారు, ఎవరూ అడగరన్న నమ్మకంతో. నేను లేచాను.

“ఆ శిక్ష ప్రభువు సిలువ మీద తీర్చేశాడన్నారు కదండీ?”

“పూర్తిగా తీర్చేశాడు మామ్మగారు.”

“మరి మా అత్తగారి పులుసు అందులో లేదాండీ?”

మగవాళ్ల వైపు నవ్వులు. అయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు. పొయ్యి సంగతి సమాజం ఆచారమనీ, అందులో తాను కలగజేసుకోననీ చెప్పారు. అంటే దేవుడు వదిలేసినా ప్రెసిడెంటు గారు వదల్లేదన్నమాట.

“ఇవాళ వదిలేస్తే రేపు ఎవరికి భయం ఉంటుందమ్మా?” అన్నారావిడ.

“భయం పెట్టాలంటే తిన్నవాళ్లని పెట్టండి అక్కగారూ. మా కోడలు పుట్టకముందు ఎవరో తిన్న చుక్కకి ఈ పిల్ల మూతి తుడుస్తారేంటండి?”

ముగింపు ప్రార్థన పొడుగ్గా సాగింది. అందులో నా పేరు రాలేదు గాని, నోటిని అదుపులో పెట్టుకోవడం గురించి చాలా వచ్చింది. నేను కళ్లు మూసుకుని వేరే ఆలోచించాను. తండ్రి చేసిన దొంగతనానికి పాలు తాగే బిడ్డని కట్టేస్తే మా ఊరి పెద్దలే ఒప్పుకోరు. దేవుడికి వాళ్లపాటి న్యాయం కూడా తెలియదంటే నేను నమ్మను.

మర్నాడు తెల్లారగానే కోడల్ని వెంటబెట్టుకుని చర్చి వెనక్కి వెళ్లి, అందరికంటే ముందు గాడిపొయ్యి వెలిగించాను. ప్రెసిడెంటు గారు వచ్చి చూశారు. పీట తెచ్చుకుని, విసనకర్ర పట్టుకుని, ఎవరి నోరూ కదలకుండా కాపలా కూర్చున్నారు. కోడలు గుండిగ ఎక్కించింది. నేను చింతపండు పిసికాను.