డెల్మా కుడి భుజం

డెల్మా ప్రింగిల్ మా పక్కింటావిడ. బడి క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు మాంసం కూరి కాల్చిన వేడివేడి 'పై'లు అందించింది. ఆమె నిదానంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. టీ కూడా నిలబడే తాగేది, అదీ సగమే. అరవై దాటాక ఒక చలికాలం ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేచేది కాదు. తల దువ్వుకోలేకపోయేది, లోపలి బట్టల హుక్కు పెట్టుకోలేకపోయేది. ఆ పని మొగుడు కెవ్ మీద పడింది.

"కాస్త కదలకుండా ఉండవే! గాలానికి ఎర గుచ్చడం ఇంతకన్నా తేలిక," అనేవాడు కెవ్.

"నవ్వావంటే చంపేస్తా," అనేది డెల్మా. ఆ తర్వాత స్నానాలగదిలో తలుపేసుకుని ఏడ్చేదట. కంచె దగ్గర కెవ్ నాతో చెప్పి బాధపడ్డాడు.

నెమ్మదిగా కదపమనీ, నొప్పి మొదలైన చోట ఆపేయమనీ ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. డెల్మా చెవికి 'కదపండి' అన్న మాటొక్కటే ఎక్కింది. పై అరలోని పళ్లెం కోసం చెయ్యి విసురుగా ఎత్తింది. నొప్పి రెట్టింపైంది. అప్పుడు నేనే ఆమెను సముద్రపు కొలనుకు తీసుకెళ్లాను.

ఒడ్డున రాళ్ల మధ్య గోడ కట్టి సముద్రపు నీళ్లు నిలిపిన ఆ కొలనులో పొద్దున్నే మేం కొందరం ఆడవాళ్లం ఛాతీలోతు నీళ్లలో నడుస్తాం. అందరికన్నా పెద్దది, పండ్ల కొట్టు నడిపే స్టావ్‌రూలా. డెల్మా దిగీ దిగగానే నీళ్లు చిమ్ముకుంటూ అందర్నీ దాటేసింది. అవతలి గోడ చేరేసరికి మొహం నొప్పితో ముడుచుకుపోయింది.

"ఏమ్మా, బస్సు తప్పిపోతోందా?" అంది స్టావ్‌రూలా.

"నడవడానికేగా వచ్చాం?"

"నడువు, ఎవరొద్దన్నారు? కాళ్ల కింద ఇసుక తగిలిందా?"

"ఇసుకేంటి?"

"చూశావా, అదీ తెలీలేదు! ముందు మడమ, తర్వాత వేళ్లు. ఊపిరి వదులు. అప్పుడు రెండో కాలు. చెయ్యి నువ్వెత్తకు, నీళ్లే ఎత్తుతాయి."

"ఇలా నడిస్తే మధ్యాహ్నం అవుతుంది."

"అవనీ. మీ ఆయనకి రొట్టె కాల్చుకోవడం రాదా?"

అందరూ నవ్వారు. డెల్మాకు రోషం వచ్చింది. వారంపాటు అటువైపు రాలేదు.

ఆ వారంలోనే ఒకరోజు ఇంట్లో తొట్టిలో స్నానం చేస్తూ, ఇక విసుగెత్తి చేతిని అలా వదిలేసిందట. అది తనంతట తానే మెల్లగా తేలింది. నొప్పి లేదు. నీళ్లు చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నానని తర్వాత నాతో చెప్పింది. మర్నాడు నేను వెళ్లేసరికి కొలను మెట్ల మీద నాకన్నా ముందే ఉంది.

ఆరోజు నుంచి అందరికన్నా వెనక నడిచేది. చేతులు నీటి మీద పరిచి, కళ్లు సగం మూసుకుని నడిచేది. ఇంట్లో కెటిల్ మరిగేలోపు వేళ్లను వంటింటి గోడ మీద పీతలా పైకి పాకించేది. నొప్పి పలకరించగానే ఆపేసేది. అలా ఆపడమే తనకు అన్నిటికన్నా కష్టమైన పని అనేది.

వసంతం వచ్చేసరికి చెయ్యి చెవిదాకా లేచింది. అంతకు మించి లేవలేదు. మిగతాది రావచ్చు, రాకపోవచ్చు అంది ఫిజియోథెరపీ అమ్మాయి. "సరే, చూద్దాం," అంది డెల్మా. ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదటిసారి.

ఒక పొద్దున పెద్ద అలలు కొలను గోడ దాటి విరుచుకుపడుతున్నాయి. గేటుకు తాళం వేశారు. మేం ఉసూరుమంటూ కార్ల వైపు తిరిగాం.

"ఇవాళ్టికి లేదు, పదండి," అన్నాను.

డెల్మా చెప్పులు విప్పి పక్కనున్న పచ్చికలోకి దిగింది. మడమ, వేళ్లు, ఊపిరి. గడ్డి ఇంకా మంచుతో తడిగా ఉంది.

"చల్లగా ఉందే!" అని నవ్వి మరో అడుగు వేసింది.

స్టావ్‌రూలా గొణుక్కుంటూ వంగి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.