ఆ ఇంట్లో చెత్తబుట్ట లేదు

ఇరవై రెండేళ్లు చెత్త లారీ వెనక వేలాడినవాడికి మనుషుల మీద ప్రేమ మిగలడం కష్టం. తూకానికి బొత్తిగా మిగల్లేదు. సంచి చేత్తో ఎత్తగానే బరువెంతో, లోపలేముందో చెప్పేస్తాడని లారీ వాళ్లు అతనికి పెట్టిన పేరు తూకం. ఏ ఇంట్లో భార్య అలిగి పుట్టింటికెళ్లిందో, ఎవరు డాక్టరు వద్దన్నా దొంగచాటుగా తాగుతున్నారో వీధిలో అందరికంటే ముందు అతనికే తెలిసేది.

ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. ఒక ఫంక్షన్ హాలు సంచిలో, మిగిలిన అన్నం కింద, పగిలిన గ్లాసులు దాచి మూతి కట్టేశారు. గాయం చీము పట్టింది, వేళ్లు తీసేశారు. అడగడానికి వెళితే హాలు యజమాని కుర్చీలోంచి లేవకుండానే, "చూసుకుని ఎత్తాలి కదయ్యా" అన్నాడు.

ఉద్యోగం అయిపోయాక, భార్యకి వాళ్ల పిన్ని రాసిచ్చిన ఇంట్లోకి మారారు. కొండ కింద ఇల్లు. అంత దూరం చెత్త బండి రాదు. మూడు గదులు అతిథులకిద్దామన్నది భార్యే. హాస్టల్లో ఏళ్ల తరబడి వండిన మనిషి, నలుగురికి పెట్టకపోతే ఆవిడకి తోచదు.

"ఇస్తే ఇయ్యి. గదుల్లో బుట్టలుండవు. తెచ్చుకున్నది తెచ్చుకున్నవాళ్లే మోసుకుపోవాలి. మాంసం, చేపలు, గుడ్లు గడప దాటకూడదు. ఎండాకాలంలో ఆ సంచులు ఎత్తింది నేను."

"పోనీ పాలు?"

"పాలకి ప్యాకెట్లుంటాయి."

విచిత్రం, జనం వచ్చారు. పెరట్లో కాసిన గుమ్మడికాయ, కాల్చిన వంకాయ, ఉడికించిన చిక్కుడు గింజలు, ఆవిడ చేతి రొట్టె తిని ఆహా ఓహో అన్నారు. తొక్కలు బకెట్లోకి, బకెట్ ఎరువు గుంటలోకి. ఇంటి నుంచి బయటికి పోయేది ఏమీ ఉండేది కాదు. వచ్చినవాళ్లు ఎంత మెచ్చుకుంటే తూకానికి అంత ఒళ్లు మండేది. రెండు రోజులు ఇక్కడ బుద్ధిగా ఉండి, మూడో రోజు నుంచి మళ్లీ సంచులు నింపే రకాలని అతని లెక్క. ఒకసారి కొత్త దంపతులు పరుపు కింద ఖాళీ షాంపూ ప్యాకెట్లు దాచి బయల్దేరితే, గేటు దగ్గర కారాపి, అద్దంలోంచి పెళ్లికొడుకు ఒళ్లో పడేశాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఒకమ్మాయి తల్లిదండ్రుల్ని తీసుకుని వచ్చింది. తండ్రి కారు దిగుతూనే, "ఏమయ్యా, సామాన్లు పట్టు" అన్నాడు. గొంతు వినగానే తూకానికి లేని వేళ్లు సలిపాయి.

వంటింట్లోకి వెళ్లి భార్యతో అన్నాడు. "ఆ హాలువాడే."

"ఎవడైతేనేం, మనింటికి వచ్చాడు. నోరు మూసుకుని నీళ్లివ్వు."

ఇచ్చాడు. భోజనాల దగ్గర ఆ పెద్దమనిషి పళ్లెం కేసి చూసి, "నాకింకా కొమ్ములు మొలవలేదే, గడ్డి పెడుతున్నారేంటి?" అని తనే నవ్వుకున్నాడు. కూతురు తల దించుకుంది. తూకం గుమ్మం దగ్గర నిలబడి అతని మెడ వైపే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున తొక్కల బకెట్లో చెయ్యి పెట్టిన భార్య కెవ్వుమంది. అరచెయ్యి అడ్డంగా తెగింది. గుమ్మడి తొక్కల కింద, హాలువాడి గదిలో పెట్టిన మంచినీళ్ల గ్లాసు ముక్కలై ఉంది.

తూకం గుడ్డ చింపి కట్టు కట్టాడు. తర్వాత బకెట్ పట్టుకుని తిన్నగా వెళ్లి, వాళ్లు తింటున్న బల్ల మీద, రొట్టె పక్కనే బోర్లించాడు.

"ఏరు."

పెద్దమనిషి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "మతి పోయిందా నీకు?"

"గ్లాసు పగిలితే చెప్పాలి. దాస్తే చేతులు తెగుతాయి. ఏరు."

"ఒక్క గ్లాసుకి ఇంత రాద్ధాంతమా? చూసుకుని ఎత్తాలి కదా!"

తూకం ఎడమ చెయ్యి బల్ల మీద, తొక్కల మధ్య పెట్టాడు. "ఇది నీ హాలు సంచి తిన్న చెయ్యి. అప్పుడూ ఇదే మాటన్నావు."

ఆయనకి గుర్తొచ్చిందో లేదో తెలీదు. కూతురి వైపు తిరిగి, "చెత్త బండోడి ఇంట్లోనా నాకు కూడు పెట్టించావు?" అని లేచి కారు దగ్గరికి పోయాడు. అమ్మాయి తల్లి వెనకే వెళ్లింది.

కూతురు లేవలేదు. తొక్కలు పక్కకి తీసి ఒక్కో ముక్కా సాసర్లో పెట్టింది. "పదకొండు. అయిపోయినట్టున్నాయండీ."

తూకం సాసరు ఎత్తి చూశాడు. "బరువు చాలదు. ఇంకా ఉన్నాయి."

మళ్లీ వెతికితే ఇంకో రెండు దొరికాయి. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, "మా నాన్న తరఫున నన్ను క్షమించండి" అంది.

"నువ్వు దాచావా?"

"లేదండీ."

"మరి నీకెందుకు ఆ మాట?" అంటూనే ముక్కలు ఒక డబ్బాలో పోసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇక్కడ బుట్టల్లేవు. పట్టుకుపో."

ఇన్నేళ్లు మనసులో తిట్టుకున్న మనిషి, చివరికి కారు తలుపు ధడేలున వేసుకుని పోయాడు, అంతే. తూకానికి కడుపు చల్లబడలేదు. పైగా భార్య అందుకుంది.

"తెగింది నా చెయ్యి. నీ కక్షకి దాన్ని సాకు చేసుకున్నావు. చివరికి ఆ పిల్ల చేత ఏరించావు."

"వాడు ఏరలేదుగా!"

"అదే నేననేది."

అయిదో రోజు ఆవిడ కట్టు విప్పుకుంటూ తేల్చి చెప్పింది. "గదులూ భోజనాలూ నావి. పెరడు నీది. భోజనాల గదిలోకి అడుగు పెట్టావంటే గదులన్నిటికీ తాళాలేస్తాను. నీ పగకి నేను వంట చెయ్యలేను."

అతను ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి అన్నం వంటింటి అరుగు మీదే. బకెట్లో చెయ్యి పెట్టేది అతనొక్కడే, అదీ ముందు పారతో కెలికి చూశాకే.

ఈ మధ్య ఒకావిడ పనిగట్టుకుని పెరట్లోకి వచ్చి, "ఎంత గొప్ప పని చేస్తున్నారండీ!" అంది.

తూకం పార ఆపలేదు. "పొద్దున ఆపిల్ తిన్నది మీరేనా?"

"అవునండీ."

"తొక్క మీద స్టిక్కరుంది. పీకి పట్టుకెళ్లండి."